వేడి మీద ఇరవై

మా హెరాల్డ్ డ్యాష్‌బోర్డుకు రెండే మాటలొచ్చు.
గోలీ అంత ఆకుపచ్చ బల్బు, అది ఆయిలు.
ఎర్రది బ్యాటరీ.
తాళం తిప్పగానే రెండూ కళ్ళు తెరుస్తాయి,
ఇంజను అందుకోగానే మూసుకుంటాయి.
ఇక దారి పొడుగునా మౌనం.
మౌనమంటే క్షేమమని
యాభై ఏళ్ళుగా నమ్మింది బండి.
కొన్నాక నేనూ నమ్మాను.

మొన్న మే నెలలో, ముచ్చుకోట ఎక్కుడు మీద
ఆకుపచ్చది వెలిగింది.
వెలిగేసరికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు.
బేరింగులు కరుచుకుపోయాయి.
శనక్కాయల లారీ వెనక తాడు కట్టి
అనంతపురం పాతూరు దాకా లాక్కొచ్చారు
బండినీ, అందులో నన్నూ.

బేరింగులకు నెలన్నర పట్టింది.
"ఈసారి మీటర్లు పెట్టు" అన్నాను దాదాఖలందర్‌తో.
"బల్బు చాలు మేడమ్. వెలగలేదా, బేఫికర్.
సూది పెట్టుకుంటే రోడ్డు చూడరు మీరు,
దాన్నే చూస్తాంటారు. రాత్రి నిద్ర కూడా పట్టదు."

నేనేమీ అనలేదు.
ముప్పై ఒక్క ఏండ్లు భూగర్భజల శాఖలో
నెలనెలా బోర్ల గొంతులోకి టేపు వదిలిన దాన్ని.
చివర కట్టిన ఇత్తడి గిన్నె నీళ్ళను తాకితే
లోపల్నించి 'టప్' మని చిన్న చప్పుడు.
లారీ పోతుంటే వినపడదు,
గొట్టానికి చెవి ఆనించి, ఊపిరి బిగబట్టాలి.
పద్దెనిమిది మీటర్లు.
ముప్పై నాలుగు.
అరవై ఒకటి.

గూగూడు దగ్గర కుళ్ళాయప్ప
గట్టు మీద గొంతుక్కూచుని ఒకటే అడిగేవాడు:
"అంకెలొద్దు తల్లీ.
ఉండాయా, అయిపోయినాయా?"
"ఉన్నాయి" అనేదాన్ని.
అబద్ధం కాదది.
రిజిస్టరు మూసి జీపెక్కేదాన్ని.
అతని మోటరు గాలి మింగి అరిచిన రోజు,
మూడొందల చీనీ చెట్లు కాయల మీదుండగా ఆకు రాల్చిన ఏడు,
నా పుస్తకంలో అంకె తప్పు లేకుండా ఉంది.
చక్కటి చేతిరాత. కింద సంతకం.

మూడు మీటర్లు మూడు చోట్ల దొరికాయి.
ఆయిలుది తాడిపత్రి గుజిరీలో ట్రాక్టరు నుంచి,
వేడిది ఏదో లేలాండు లారీది, అద్దానికి వెంట్రుకంత బీట,
ఆంపియర్లది ఎవరి జీపుదో:
సున్నా నట్టనడుమ, ఇటు రావడం, అటు పోవడం.
ఒకదాని అంకెలు ఇంకోదాని అంకెల్లా లేవు.
చీపురు పుల్లంత రాగి గొట్టాన్ని
బొటనవేలికి చుట్టి చుట్టలు చేశాడు దాదా.
ఇంజను వణుకును ఆ చుట్టలు మింగాలట,
తిన్నగా బిగిస్తే విరుగుతుందట.

బల్బు స్విచ్చి విప్పి
ఆ చోట మూడు నోళ్ళ ఇత్తడి ముక్క దిగేశాడు.
ఒక నోటికి గొట్టం.
రెండో నోటికి మళ్ళీ అదే పాత స్విచ్చి.
"ఇంకా అదెందుకు?"
"సూది పిలవదు మేడమ్" అన్నాడు,
కారిన ఆయిలు గుడ్డతో తుడుస్తూ.
"చూస్తేనే చెప్తుంది.
మీరు ఎప్పుడూ చూస్తారా?"

పొద్దున చల్లటి ఇంజనుకు అరవై.
క్లాక్ టవర్ దగ్గర రెండు బస్సుల నడుమ ఇరుక్కుంటే
నలభై, ముప్పై, ఇరవై.
వేడి మీద ఇరవై.
చెడిందా అంటే లేదు.
బాగుందా అంటే, ఏమో.
ఇరవై.
వెనక ఆటోవాడు హారన్ కొట్టేదాకా
దాన్నే చూస్తున్నాను. దాదా చెప్పినట్టే.

నార్పల దాటి, ఆ చేను పక్కన ఆపాను.
ఇప్పుడెవరిదో, కొర్రమొలకలు తేలుతున్నాయి.
ఇంజను ఆపలేదు.
సూది సన్నగా వణుకుతోంది.
కిటికీ దించి, ఖాళీ గట్టు వైపు తిరిగి
ఇరవై అనబోయి
అరవై ఒకటి అన్నాను.